బయటి సంబంధం

ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట ముందే రాసేస్తాను. మా అక్క సుగుణ రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు నిజామాబాద్‌లో ఒక దవాఖానకు తోడు వెళ్లాను. నర్సు ఒక అట్టకార్డు చేతిలో పెట్టి నింపమంది. పేరు, వయసు, ఊరు, ఎన్నో కాన్పు. వాటి కింద ఒక గీత ఉంది: ‘మేనరికమా, బయటి సంబంధమా?’ అక్క భర్త గంగాధర్ మా అమ్మకు సొంత తమ్ముడు. మా మేనమామ. అది తెలిసీ ఆ గీత మీద ‘బయటి సంబంధం’ అని రాశాను. ఎవరూ నన్ను అలా రాయమనలేదు. అమ్మ చెప్పలేదు, అమ్మమ్మ చెప్పలేదు, అక్క అసలు నా వైపు చూడనే లేదు. నాకు సిగ్గేసి రాశాను. అంతకంటే పెద్ద కారణం ఉంటే బాగుండునని ఇన్నేళ్లూ వెతికాను, దొరకలేదు.

ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, పోయిన ఆదివారం మామ మా ఇంటికి వచ్చాడు. వెంట నాలుగేళ్ల కొడుకు. ఈ పిల్లాడు మామ రెండో భార్యకు పుట్టినవాడు. ఆమె నిజంగానే బయటి సంబంధం. వాడు గడప దాటుతూనే మా నాన్న చెప్పులు తొడుక్కొని వాకిలంతా తిరిగాడు, చాటలో ఆరబోసిన పసుపు కొమ్ములు పిడికిళ్లతో చల్లాడు, అమ్మ అరిస్తే నవ్వాడు. పక్కింటి పోశవ్వ గోడ మీదినుంచి నన్ను చూసి, “చిన్నీ, నీ మొగడు ఒచ్చిండే, కాళ్లకు నీళ్లియ్యి” అంది. మేనమామ కొడుకు కాబట్టి వరసకు ఆ మాట తప్పు కాదు. మా దగ్గర ఇలాంటి పరాచికాలకు అందరూ నవ్వుతారు. అమ్మ కూడా అలవాటుగా నవ్వబోయి ఆగిపోయింది. మామ మంచం కోడును చూస్తూ కూర్చున్నాడు. నేను వాడి కాళ్లనే చూస్తున్నాను. గట్టి పిక్కలు, అరికాళ్ల నిండా పసుపు. అక్క పిల్లల కాళ్లకు ఎప్పుడూ మట్టి అంటలేదు.

ఆర్మూర్‌లో పెర్కిట్ దిక్కున మాది రెండు గదుల ఇల్లు. నాన్న పసుపు మార్కెట్లో హమాలీ. ఎండాకాలం వస్తే నాన్న చొక్కా ఉతికిన నీళ్లు, తువ్వాల, మెడ మడతలు, చివరికి ఆయన దగ్గు కూడా పసుపుపచ్చగానే ఉండేవి. ఊళ్లలో కొమ్ములు ఉడకబెట్టే రోజుల్లో గాలి ఎటునుంచి వీచినా మట్టి, పొగ, పచ్చివేరు కలిసిన వాసన వచ్చేది. అమ్మ, అక్క బీడీలు చేసేవాళ్లు. పొద్దున్నే తునికాకు తడిపి, తడిగుడ్డలో చుట్టి, అన్నం వార్చి చాటలు ముందేసుకొని కూర్చునేవాళ్లు. అక్క ఐదో తరగతి దాకా చదివి చాట పట్టింది. నేను చదువుకున్నాను. ఈ తేడా గురించి ఇంట్లో ఎప్పుడూ మాట రాలేదు. అక్క వేళ్లు మాట్లాడుతున్నంత వేగంగా ఆకు చుట్టి, దారం కట్టి, మూతి మడిచేవి. నేను మూలన కూర్చొని డైరీ రాసుకునేదాన్ని. రాసి దిండు కింద పెట్టేదాన్ని. దాచాలని తోచలేదు. నాన్నకు చదువు రాదు, అమ్మకు రాదు, అక్క చదివిన నాలుగు అక్షరాలూ తంబాకు దుమ్ములో ఎప్పుడో పోయాయనుకున్నాను. మనుషులతో మాట్లాడడానికి నాకు నోరు వచ్చేది కాదు. ఆ పుస్తకంలో మాత్రం అన్నీ చెప్పేదాన్ని.

అమ్మమ్మది భీమ్‌గల్ దగ్గర గుట్టల కింద ఊరు. ఆమెకు ఇరవై దాకా మేకలుండేవి. వేసవి సెలవులంతా నేను అక్కడే. అమ్మమ్మ మనిషి చిన్నది, మాట గట్టిది. ఏ మేక ఏ మేకకు పుట్టిందో, దాని తల్లి ఎవరో, దాని తల్లి తల్లి ఎవరో మూడు తరాలు నోటికి చెప్పేది. రెండేళ్లకోసారి వానలకు ముందు మందలోని పోతును తోలుకొని పై ఊరికి పోయేది. అక్కడ తెలిసినవాళ్ల దగ్గర దాన్ని వదిలి, వాళ్ల పోతును తెచ్చుకునేది. ఒకసారి నేనూ వెంట నడిచాను. మా పోతు నల్లది, నుదుట తెల్లచుక్క, నా చేతిలోంచి రొట్టె తినేంత మచ్చిక. దాన్ని వదిలి రావాలంటే ఏడుపొచ్చింది.

“ఎందుకు అమ్మమ్మా ఇచ్చేసుడు? మంచిగనే ఉంది గద” అన్నాను.

“మంచిగుంటె ఏంది? మందల ఆడమేకలన్ని దాని బిడ్డలే అయినయ్. దాని బిడ్డల మీదికి దాన్నే ఇడిస్తె పిల్లలు నిలవయ్యే. ఒకటి కండ్లు లేకుంట పుడ్తది, ఒకటి కాళ్లు మడిసి పుడ్తది. నెత్తురు మారాలె.”

ఆ మాట అలాగే డైరీలో రాసుకున్నాను. అప్పుడు నేను ఎనిమిదో తరగతి. ఆ ఏడాదే, పంట ఇంటికొచ్చాక, అమ్మమ్మ మా ఇంటికి వచ్చి పీట మీద కూర్చొని, “సుగుణను మన గంగాధర్‌కు చేస్కుంటున్న” అంది. అడగడం కాదు, చెప్పడం. నాన్న సరేనన్నాడు. అమ్మ కళ్లు తుడుచుకుంది, సంతోషంతోనే. కూతురు తన పుట్టింటికే కోడలిగా పోతుంటే ఏ తల్లికి దిగులు? ఆ మాట, ఈ మాట ఒకే డైరీలో ఇరవై పేజీల ఎడంతో ఉన్నాయి. రెండూ రాసింది నేనే. రెంటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు. మేకలు మేకలు, మనం మనం అన్నట్టుగానే ఇంట్లో అందరం బతికాం.

మామ చెడ్డవాడు కాదు. అక్కను చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకొని గుట్ట చుట్టూ తిప్పినవాడు. అక్క అతని తలకు నూనె రాసి, పాపిట తీసి, “నీకు దయ్యం సుత పిల్లనియ్యది మామా” అని ఏడిపించేది. లగ్గం ఖాయమైన రోజునుంచి ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం మానేశారు. మామ వస్తే అక్క లోపలికి పోయేది. అంతవరకు ఉన్న చనువు ఎక్కడికి పోయిందో నాకు అర్థమయ్యేది కాదు. పెళ్లయ్యాక ఆయన్ను బావా అని పిలవమన్నారు, నాకు నోరు తిరగలేదు.

మొదటి పిల్లాడు చింటు. తెల్లగా, బొద్దుగా పుట్టాడు. ఏడో నెలలో కూర్చున్నాడు, అక్క సంబరంగా అందరికీ చూపింది. పదో నెలలో కూర్చోవడం మరచిపోయాడు. మాకు మొదట తెలియలేదు. దిండ్లు పెట్టి కూర్చోబెట్టాం, పక్కకు ఒరిగాడు. తరువాత మెడ నిలవడం పోయింది, తరువాత చూపు ఎక్కడా ఆగడం పోయింది. పిల్లలు నేర్చుకుంటూ పెరుగుతారు, వాడు నేర్చుకున్నవన్నీ ఒక్కొక్కటి తిరిగి ఇచ్చేసి వెళ్లిపోయాడు. తాయెత్తులు కట్టించారు, దిష్టి తీశారు. చివరికి చూపించిన డాక్టరు వరసలో కూర్చున్న అందరూ వినేలా, “మేనమామను చేసుకుంటారు, తర్వాత మా దగ్గరకొచ్చి ఏడుస్తారు. చదువూ సంధ్యా లేదా?” అన్నాడట. అక్క చింటును కొంగులో కప్పుకొని బయటికి వచ్చి, మెట్ల మీద కూర్చొని చాలాసేపు లేవలేదని అమ్మ చెప్పింది. వాడు రెండో పుట్టినరోజు చూడలేదు.

అప్పటికి నేను ఇంటర్లో బైపీసీ చదువుతున్నాను. జువాలజీ మేడం వంశపారంపర్యం పాఠం చెబుతూ, “మీలో ఎవరిండ్లలో మేనరికాలున్నాయో చేతులెత్తండి” అంది. క్లాసులో సగానికి పైగా చేతులు లేచాయి. నాది లేవలేదు. మేడం బోర్డు మీద గళ్లు గీసి చెప్పింది: తల్లికీ తండ్రికీ లోపల దాగి ఉన్న ఒకే లోపం ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక పాలు ప్రమాదం, ఒకే కుటుంబం వాళ్లయితే ఇద్దరిలోనూ అదే లోపం ఉండే అవకాశం ఎక్కువ. అందరూ పుస్తకాల్లో గళ్లు గీసుకున్నారు. నేను ఇంటికొచ్చి డైరీలో గీశాను. ఒక పక్క అక్క పేరు, ఒక పక్క మామ పేరు. నాలుగు గళ్లలో ఒకదాన్ని నల్లగా దిద్ది, దాని కింద ‘చింటు’ అని రాసి, ‘మళ్లీ పుట్టినా ఇలాగే కావచ్చు’ అని కూడా రాశాను. రాసి దిండు కింద పెట్టాను. అక్క ఆ దినాల్లో మా ఇంట్లోనే ఉంది. మామ మస్కట్ పోయాడు. పోకముందే అక్కకు నెల తప్పింది.

దవాఖాన రోజుకు వస్తాను. మందుల వాసన, ఫినాయిలు వాసన, పొద్దున బస్సులో వచ్చిన ఆడవాళ్ల తలనూనె వాసన కలిసిన పొడుగాటి వసారా. నర్సు కార్డులు నింపలేని వాళ్లవి తనే గట్టిగా అడిగి నింపుతోంది. “ఏమ్మా, మేనరికమా, బయటనా? జర గట్టిగ చెప్పు.” ఒకామె మెల్లగా మేనబావ అంది. “ఇగో, ఇంకొకటి” అని నర్సు పక్కామెతో అంది. వరసలో మాకు రెండు చోట్ల వెనుక మా క్లాసు అమ్మాయి సుమలత వాళ్ల వదినెతో నిలబడి, నన్ను చూసి చెయ్యి ఊపింది. కార్డు మోకాలు మీద పెట్టుకున్నాను. నేను చెయ్యెత్తని ఆ రోజు సుమలత నా పక్కనే కూర్చుంది. ఇప్పుడు నిజం రాస్తే నర్సు గట్టిగా చదువుతుంది, సుమలత వింటుంది. అక్కను మళ్లీ అందరి ముందు తిడతారు. ఇది రెండోసారి తట్టిన కారణం. మొదట తట్టింది సుమలతే. రాశాను. అక్క పక్కన కూర్చొని కార్డు వైపే చూస్తోంది. కార్డు మీది గీతలు చూస్తోందనుకున్నాను.

లోపల డాక్టరమ్మ మంచిదే. కార్డు చూసి, “మొదటి బాబుకు ఏమైంది?” అని అడిగింది. నేను నోరు తెరిచేలోపు అక్క, “జరమొచ్చి పోయిండు మేడం” అంది. డాక్టరమ్మ తల ఊపి రక్తం పట్టే గోలీలు రాసింది. అంతే. బయటికొచ్చి అరటిపండ్లు కొనుక్కొని ఆర్మూర్ బస్సు ఎక్కాం. అక్క ఆ కార్డును ప్లాస్టిక్ కవరులో పెట్టి, మడవకుండా, సంచి అడుగున దాచుకుంది.

పాప పుట్టింది. పేరు పూజ. పదో నెల వచ్చేసరికి నేను రోజూ కాలేజీనుంచి పరుగున వచ్చి ముందు పాపనే చూసేదాన్ని, కూర్చుందా లేదా అని. ఒకరోజు అక్క చాట ముందు కూర్చొని ఆకు చుడుతోంది, పాప పక్కన బొంత మీద పడుకొని పైకప్పు చూస్తోంది. “కూసోవెట్టలేదా అక్కా?” అన్నాను. “ఇయ్యాల కూసోనన్నది” అంది అక్క, తల ఎత్తకుండా. చేతులు ఆగలేదు. అమ్మ పొయ్యి ముందునుంచి లేచి వచ్చి నిలబడింది. ఆ తరువాత ఏం జరుగుతుందో మా అందరికీ తెలుసు. తెలిసి ఒక్కొక్క రోజూ చూశాం. చింటుకు తెలియక చేసినవన్నీ, దిండ్లు పెట్టడం, గిలక ఊపడం, పేరు పెట్టి పిలవడం, పూజకు తెలిసి చేశాం. అది ఎక్కువ కష్టం.

కార్డు మీద నిజం రాసి ఉంటే ఏమయ్యేది? వందసార్లు నన్ను నేను అడిగాను. డాక్టరమ్మ హైదరాబాద్ పంపేదేమో. అక్కడ ఏదైనా పరీక్ష ఉండేదేమో. ఆ జబ్బుకు పేరే దొరకలేదు, దొరకని పేరుకు పరీక్ష ఏముంటుంది? లైబ్రరీలో దొరికినవన్నీ చదివాను. ఏ పుస్తకమూ నన్ను విడిచిపెట్టలేదు, ఏదీ శిక్ష వేయలేదు. నా రాత వల్ల పూజ చావలేదని ఒప్పుకుంటాను. అది రాయకపోతే బతికేదేమో అన్న ‘ఏమో’ మాత్రం ఎవరూ చెరపలేరు.

పూజ పోయి ఏడాది కూడా తిరగకముందే అమ్మమ్మ పెద్దమనుషులను కూర్చోబెట్టింది. మామకు వేరే పిల్లను తెస్తానంది. మోర్తాడ్ దిక్కు పిల్ల, చుట్టరికం ఏమీ లేదు, ఏడు తరాలు వెతికినా కలవదు. విడుపు కాగితం మీద అక్క సంతకం పెట్టింది. మస్కట్ నుంచి వచ్చిన మామ తల వంచుకొని చెప్పు కొనతో మట్టి గీస్తూ నిలబడ్డాడు. ఎవరో, “ఇడిపోతె మాత్రం, మేనమామ మేనమామనే గద” అన్నారు. ఓదార్పనుకొని అన్నారు. వేరేచోట విడిపోయిన ఆడది మొగుడి మొఖం చూడకుండా బతకవచ్చు. మా అక్కకు ఆ దారి కూడా లేదు. అమ్మమ్మ ఇల్లు అత్తిల్లు, అమ్మమ్మే అత్త, అమ్మ తమ్ముడే మొగుడు. ఒక తలుపు మూస్తే అన్ని తలుపులూ మూసుకున్నాయి. అమ్మ పుట్టింటి కొత్త కోడలికి చీర పెట్టాలా వద్దా అని రెండు రోజులు ఏడ్చి, చివరికి పెట్టింది. నేను డైరీలో రాసుకున్నాను: ‘ఈసారి అమ్మమ్మ పోతును మార్చలేదు, మేకను మార్చింది.’

జీవితంలో ఒక్కసారి పెద్దవాళ్లకు ఎదురు చెప్పాను. పెద్దమనుషులు వెళ్లాక, అమ్మమ్మ మా వాకిట్లో తమలపాకు నములుతూ కూర్చుంటే దగ్గరికి పోయాను.

“పోతును ఎందుకు మారుస్తరో నీకు ఎర్కనే గదా అమ్మమ్మా. మేకలకు ఎర్క పెట్టినవ్, అక్కకు ఎందుకు పెట్టలే?”

కోప్పడుతుందనుకున్నాను. నములుతున్న ఆకును ఇంకో దవడకు మార్చింది.

“ఎర్క లేదనుకున్నవా?” అంది. “మీ పెద్దమ్మ ఎట్ల పోయిందో నీకు చెప్పిన్రా? బాయిల పడ్డదన్నరు. నా పెద్ద బిడ్డ. బయట ఇచ్చిన. మంచి ఇల్లు, మస్తు భూమి, ఏ చుట్టరికం లేదు. కొట్టిన్రు, తిండి పెట్టలే. అడగనీకి పోతె తలుపు తియ్యలే. తలుపు తియ్యమని వాకిట్ల కూసున్న, కుక్కను ఇడిసిన్రు.” ఆకు ఉమ్మేసింది. “మేకకు పిల్ల నిలవకుంటె ఇంకో ఈతకు నిలుస్తది. ఆడివిల్లను సంపినంక ఏం నిలుస్తది బిడ్డా? నా కొడుకైతె కొట్టడు, నేనైతె తలుపు మూయననుకున్న.”

ఆ తలుపును ఆ రోజు తనే మూసిందని నేను అనలేదు. ఆమెకు తెలుసు. చేతులు ఒళ్లో పెట్టుకొని, పసుపు సంచులతో పోయే ఎడ్లబండిని చూస్తూ కూర్చుంది.

ఇప్పుడు అమ్మమ్మ లేదు, మేకలు అమ్మేశారు. నేను ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతున్నాను. ఇంట్లో నాకు సంబంధాలు చూస్తున్నారు. ఇప్పుడు మేనరికం మాట ఎవరూ ఎత్తరు. నాన్న చెల్లెలు ఒకసారి తన కొడుకు సంగతి ఎత్తబోతే అమ్మ లేచి లోపలికి పోయింది. బయటివాళ్లు వస్తారు, టీ తాగుతారు, ఊళ్లో ఎవరినో అడుగుతారు, మళ్లీ రారు. ‘వాళ్లింట్ల పిల్లలు నిలవరట’ అన్న మాట మాకంటే ముందు వాళ్లను చేరుతుంది. అది అట్లా కాదు, నేను బయట చేసుకుంటే ఆ భయం చాలా తగ్గుతుంది అని గళ్లు గీసి చూపించాలని ఉంటుంది. పళ్లెం పట్టుకొని నిలబడ్డ పెళ్లికూతురు గళ్లు గీయదు. అదీగాక నాకు ఆ ఇళ్లంటే కూడా భయమే. అమ్మమ్మ వాకిట్లో కూర్చున్న ఆ ఇల్లు నాకు కలలో వస్తుంది. లోపలి సంబంధం భయం, బయటి సంబంధం భయం. ఈ రెంటి మధ్య మూడో ఇల్లు ఎవరూ కట్టలేదు.

అక్క వెళ్లి ఐదేళ్లయింది. హైదరాబాద్‌లో ఆడపిల్లల హాస్టల్లో వంటపని ఉందని ఎవరో చెబితే బయలుదేరింది. అమ్మ బస్టాండుకు రాలేకపోయింది. నేనొక్కదాన్నే సంచి మోసుకొని వెళ్లాను. మొదట్లో రెండుసార్లు ఫోను చేసి నాన్నతో మాట్లాడింది, తరువాత ఆ నంబరు పనిచేయలేదు. హాస్టలు మారిందన్నారు. “ఏడున్న మంచిగుంటె సాలు” అంటుంది అమ్మ, ప్రతి పండక్కూ ఒక విస్తరి ఎక్కువ వేసి.

ఆ పొద్దు బస్సు కిటికీ దగ్గర అక్క కూర్చుంది, నేను కింద నిలబడ్డాను. చెప్పాలి, ఇప్పుడు చెప్పాలి అని నోట్లో కూడబలుక్కుంటున్నాను. అక్కా, ఆ రోజు కార్డు మీద నేను అబద్ధం రాశాను. అంతే చెప్పాల్సింది. కండక్టరు విజిలేశాడు. అక్క సంచిలో చెయ్యి పెట్టి ప్లాస్టిక్ కవరు తీసింది. మడత పడని కార్డు, నా అక్షరాలు. కిటికీ ఊచల మధ్యనుంచి నా చేతిలో పెట్టింది. బస్సు కదులుతుంటే రెండడుగులు వెంట నడిచాను. అక్క నా వేళ్లు వదలకుండానే చెప్పింది.

“నువ్వు గీసిన గళ్లు సుత చదివిన చెల్లె. గీ కార్డు నువ్వు రాస్తుంటెనే చదివిన. నిజం తెలిస్తె కడుపు తీసెయ్యమంటరని ఊకున్న. నాకు గా పిల్ల కావాల్నని ఉండె.”